చందమామ ముద్ద

తుహిన నుంచి భూమికి వచ్చిన మొదటి మాట విని హాల్లో ఉన్న పెద్దలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఇరవై ఏళ్ళకు పైబడిన ప్రయాణం, కోట్లు మింగిన యంత్రం, ముందు వరసలో మంత్రిగారు, వెనక టీవీల వాళ్ళు. అందరూ తెర మీద గొప్ప ఫోటో ఏదో పడుతుందని ఎదురు చూస్తున్నారు. ఫోటో రాలేదు. స్పీకర్లోంచి ఒక ఆడగొంతు వచ్చింది.

"బుడ్డీకి జ్వరం తగ్గిందా?"

బుడ్డీ అంటే నేను. అసలు పేరు ప్రణవి. అప్పటికి నాకు పాతికేళ్ళు, హిందూపురంలో పిల్లలకు ఈత నేర్పే ఉద్యోగం. ఆ హాల్లో నేను లేను, నన్నెవరూ పిలవలేదు. ఈ సంగతంతా సంకేతాల గదిలో పనిచేసే గౌసియా అక్క తర్వాత చెప్పింది. ఆ గొంతు మా అమ్మది. మా అమ్మ డాక్టర్ హైమావతి ఆ సమయానికి మంత్రిగారి పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. ఆయన వంగి, "ఏం జ్వరమమ్మా అది?" అని అడిగితే, "గుర్తు లేదు సార్" అందట.

ఇందులో వింతేమీ లేదు. తుహిన సూర్యుడికి బహుదూరంగా, చీకట్లో మెల్లగా తిరిగే ఒక మంచుగడ్డ. గ్రహం అని పిలిపించుకోవడానికి కూడా చాలనంత చిన్నది. అయినా దానికో చందమామ ఉంది. దాని పేరు రవ్వ. అనంతపురం నుంచి ధర్మవరం దాకా ఎంత దూరమో అదీ అంతే, ఈ చివర నుంచి ఆ చివరకు. ఇక్కడ పొద్దున కాఫీ తాగుతూ ఒక మాట పంపితే అక్కడికి చేరేసరికి మనకు రాత్రి భోజనాల వేళవుతుంది. జవాబు మరునాడు పొద్దున. అంత దూరంలో యంత్రం ముందుకో రాయి అడ్డమొస్తే, ఏం చేయమంటారని మనల్ని అడిగి, మనం చెప్పేదాకా ఆగితే, అది ముక్కలైపోతుంది. అందుకని పెనుకొండ కొండల వెనక ఉన్న ఆ సంస్థ వాళ్ళు యంత్రంలో ఒక మనిషి మనసునే పెట్టి పంపాలనుకున్నారు. మనసుకు అచ్చు తీసే పద్ధతి కనిపెట్టింది మా అమ్మే. మొదటి అచ్చు ఎవరిది తీయాలన్నప్పుడు చేయెత్తిందీ మా అమ్మే.

నాకు అప్పుడు నాలుగేళ్ళు. అచ్చు తీయాలంటే గుండు చేయించుకోవాలి. అమ్మ నున్నటి గుండుతో ఇంటికొస్తే పక్కింటివాళ్ళు "తిరుపతికి పోయొచ్చినారా?" అని అడిగి, లడ్డూ కోసం చెయ్యి చాపారని నాన్న ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు. నవ్వే సంగతి కాదని ఆయనకూ తెలుసు. ఆమె గుండు చేయించుకున్న రోజే నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరమట. "పొద్దున్నే వచ్చేస్తాలే" అని నా నుదుటి మీద తడిగుడ్డ వేసి పోయిందట.

పొద్దున్నే వచ్చేసింది కూడా. కానీ ఆ తర్వాత ఆమె ఇంట్లో ఉన్నదెప్పుడు? అచ్చును నిద్రపుచ్చడం, పరీక్షించడం, రాకెట్టులో పెట్టడం, పంపాక దాని దారి చూసుకోవడం. చిన్నప్పుడు నేను అమ్మని నిజంగానే రాకెట్టులో పెట్టి పంపేశారనీ, ఇంటికొచ్చి పోతున్నది ఇంకెవరో అనీ నమ్మేదాన్ని. పెద్దయ్యాక అర్థమైంది. యంత్రం ఆమె దగ్గర్నుంచి ఏమీ తీసుకోలేదు. తీసుకున్నదంతా ఉద్యోగమే. నాకు ఆమె మీద కోపం. ఆ కోపాన్ని దాచుకోవడం కూడా ఎప్పుడో మానేశాను.

పురుషోత్తం గారు నన్ను వెతుక్కుంటూ ఈతకొలను దగ్గరికి వచ్చారు. ఆయన సంస్థకు డైరెక్టరు. తడి గచ్చు మీద బూట్లతో జారకుండా నిలబడటానికి అవస్థ పడుతున్నారు.

"మీ అమ్మగారు పని చేయడం లేదమ్మా" అన్నారు.

"ఏ అమ్మ సార్?"

ఆయనకు నా వెటకారం అర్థమైంది, కానీ తప్పు పట్టలేదు. "అక్కడి ఆవిడ. కెమెరా మూత కూడా తెరవలేదు. జ్వరం సంగతి చెప్పమంటున్నారు. ఇక్కడి నుంచి మేం ఎన్నిసార్లు చెప్పినా నమ్మడం లేదు. ఆవిడకు నిన్నే కదమ్మా నువ్వు జ్వరంతో పడుకున్నది. మధ్యలో అంతా నిద్రే."

"మా అమ్మ చెప్పలేదా?"

"మేడమ్ చెప్పారు. కెమెరా తెరిచే పద్ధతి కూడా మళ్ళీ చెప్పారు."

నాకు నవ్వొచ్చింది. పిల్లలను నీళ్ళలోంచి బయటికి రమ్మని, జుట్టు తుడుచుకుని ఆయన కారెక్కాను.

సంకేతాల గదిలో గౌసియా అక్క నన్ను మైకు ముందు కూర్చోబెట్టింది. ఆమెది కర్నూలు. అచ్చును నిద్రలేపిన వాళ్ళలో ఆమె ఒకతె. "పనిమాటలు వేరే దారి, ఇంటిమాటలు వేరే దారి" అని చెప్పింది. "ఇంటిమాటలు మేం వినం, దాచం. నువ్వు విన్నంక చెరిపేస్తాం. అది రూలు."

"ఎవరు పెట్టినారు ఈ రూలు?"

"మీ అమ్మే. సైన్సు రికార్డుల్లో పిల్లల జ్వరాలెందుకు అనింది. అప్పట్లో అందరం సరే అన్నాం."

ఆమె బయటికి పోయి తలుపు వేసింది. నేను మైకు దగ్గరికి జరిగాను. ఒక్క మాట పలికింది నోరు. "తగ్గింది అమ్మా." అంతే, ఏడుపు వచ్చేసింది. ఎవరి కోసమో, ఎందుకో తెలియని ఏడుపు.

మరునాడు జవాబొచ్చింది. "తగ్గిందా. అమ్మయ్య. ఏందే, గొంతు ఇంత మారిపోయింది? ఎంత పెద్దదానివయినావు? జడ ఎవరేస్తాండారు?" అమ్మ ఇట్లా మాట్లాడేదా అని ఆశ్చర్యపోయాను. ఢిల్లీ మీటింగులూ విదేశీ సభలూ తిరిగి తిరిగి ఇక్కడి అమ్మ మాటలో ఊరి వాసన పోయి ఎన్నాళ్ళయిందో. జడ లేదమ్మా, నీళ్ళకు అడ్డమని కత్తిరించేసినాను అని చెప్పాను. "గుండయితే కాదు కదా" అని నవ్వింది.

ఆ రోజు నుంచి ఆమె కెమెరాలు తెరిచింది. పొద్దున నేను ఒక మాట పంపడం, మరునాటి పొద్దున జవాబు వినడం. పని దారిన ఆమె పంపిన ఫోటోలు పేపర్లో వచ్చేవి. ఇంటి దారిన ఆమె అడిగినవి నాకొక్కదానికే. నీ స్నేహితురాళ్ళెవరు, సైకిలెవరు నేర్పినారు, పెద్దమనిషివైనప్పుడు పక్కన ఎవరుండారు. ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయాను. ఈ చివరి దానికి మాత్రం, ఇంట్లో ఉన్నది నాన్న ఒక్కడే అని చెప్పడానికి నోరు రాలేదు. పక్కింటి అత్త అన్నాను. ఆమె ఆ రోజు చాలా తక్కువ మాట్లాడింది.

ఒకసారి నేనడిగాను, చిన్నప్పుడు నేను అన్నం సరిగ్గా తినేదాన్నా అని.

"యాడ తినేదానివి?" అంది ఆమె. "ముద్ద ముద్దకీ ఒక పేరు పెట్టల్ల. ఇది కాకి ముద్ద, ఇది పిల్లి ముద్ద, ఇది అవ్వ ముద్ద. చివరిది చందమామ ముద్ద. అది మాత్రం నువ్వు తినేదానివి కాదు. నా చేతిలోంచి లాక్కొని నా నోట్లోనే పెట్టేదానివి. నేను పనిలోంచి వచ్చి తినకుండానే నీకు పెడతానని నీకెట్లా తెలిసేదో. మొన్నటి దాకా రోజూ అదే. నాకయితే మొన్నే. ఈ రవ్వ ఉంది చూడు, తుహిన పక్కన, తెల్లంగా, ఒక పక్క నొక్కినట్ల. దీన్ని చూసినప్పుడల్లా నీ చేతి ముద్దే అనిపిస్తాది."

నాకు ఆ ముద్ద గుర్తు లేదు. ఆమె చెప్పాక మాత్రం అది నాదైపోయింది. గౌసియా అక్క వచ్చి, రూలు ప్రకారం, ఆ మాటలు చెరిపేసింది.

ఇక్కడి అమ్మ ఈ మాటలు ఎప్పుడూ వినలేదు. వినమని నేనే ఒకసారి అన్నాను. "ఇంటి కబుర్లు నేను వినను ప్రణవీ, నాకు పని ఉంది" అంది. తన మనసే అక్కడ కూర్చుని మాట్లాడుతుంటే వినాలనిపించని మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇంతలో రవ్వ మీద నొక్కినట్టున్న ఆ పక్క నుంచి సన్నటి ఆవిరి లేస్తున్నట్టు ఫోటోల్లో కనబడింది. సంస్థ మొత్తం తలకిందులైంది. ఆవిరి ఉందంటే కింద నీళ్ళున్నట్టు. నీళ్ళుంటే ఇంకేమేముంటాయో. కానీ ఆ పక్కకు ఎండ తగిలేది ఇంకొన్ని వారాలే. తర్వాత అది నీడలోకి తిరిగిపోతుంది, మళ్ళీ ఎండ తగిలేసరికి ఇప్పుడున్న వాళ్ళెవరూ ఉండరు. యంత్రం రవ్వ మీద దిగి ఆ మంచును రుచి చూడాలి. దిగితే మళ్ళీ లేవదు. దిగే అదురుకు, ఆ చలికి, అచ్చు గంటా రెండు గంటలకు మించి నిలవదు. దిగకుండా పైనే తిరుగుతుంటే లోపలి అణుపొయ్యి ఇంకో పన్నెండేళ్ళు దాన్ని వెచ్చగా ఉంచుతుంది.

దిగమని ఇక్కడి నుంచి బలవంతం చేయడం కుదరదు. పాత ఆజ్ఞలు ఆలస్యంగా చేరి కొంప ముంచకూడదని, నిర్ణయాలన్నీ అచ్చు చేతిలోనే పెట్టారు. అదీ అమ్మ ఆలోచనే.

దిగుతారా అని అడిగితే పని దారిన జవాబు వచ్చింది. "నా బిడ్డతో మాట్లాడాల్సినవి ఉండాయి. ఇరవై ఏండ్లవి. అవి అయిపోయినాక చూద్దాం."

రెండు రోజుల తర్వాత అమ్మ హిందూపురంలో నా గదికి వచ్చింది. ఆ గదికి ఆమె రావడం అదే మొదటిసారి. నేను బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తున్నాను. ఆమె స్టూలు మీద కూర్చుని, గోడలవైపు, కిటికీలో ఆరేసిన ఈత బట్టలవైపు చూసింది.

"నువ్వొక్క మాట చెబితే దిగుతుంది" అంది.

"నేను చెప్పను."

"అది నేను కాదు ప్రణవీ. నా అచ్చు. నేనిక్కడున్నాను."

"నువ్వు యాడుండావమ్మా?" అన్నాను. "నా జ్వరం దానికి గుర్తుంది. నీకు గుర్తుందా?"

ఆమె దెబ్బ తిన్నట్టు చూసింది. తర్వాత నిదానంగా చెప్పింది. "నేను పోయేలోగా ఆ మంచులో ఏముందో తెలుసుకోవాలి. ఇంకేమీ అడగడం లేదు. ఇల్లు, నువ్వు, మీ నాన్న, అన్నీ దీని కోసమే పణంగా పెట్టాను. ఇప్పుడది వద్దంటే నేను పెట్టిందంతా ఎందుకు పెట్టినట్టు?"

అది నిజమే. నాకు జాలి కూడా వేసింది. కానీ ఆమె పెట్టినవాటిలో నేనొకదాన్ని కదా, నన్ను అడిగి పెట్టలేదు కదా అనుకుని, "చెప్పను" అని మళ్ళీ అన్నాను.

ఆమె ఇంక బతిమాలలేదు. ప్లేటులో పెట్టిన ఉగ్గాని పూర్తిగా తినింది. వెళ్ళేముందు ఫోను తీసి నాకు చూపించింది. "నువ్వు చిన్నప్పటి నుంచి నాకు పంపిన వాయిస్ మెసేజీలన్నీ దాచుకున్నాను, తెలుసా?" నిజంగానే ఉన్నాయి, వందల కొద్దీ. ఎప్పుడొస్తావమ్మా. ఇవాళ స్కూల్లో డాన్సు ఉంది, వస్తావా. అన్నం తిన్నావా అమ్మా. ఒక్కదానికీ ఆమె జవాబు పంపిన గుర్తు నాకు లేదు. కానీ దాచుకుంది. ఆమె వెళ్ళాక నేను గిన్నెలు కడుగుతూ, పాపం, నేను అనుకున్నంత రాయి కాదేమో అనుకున్నాను. ఆ రోజు చాలా ఏళ్ళ తర్వాత ఆమె మీద కోపం లేకుండా పడుకున్నాను.

ఒక పూట ఈత పోటీలుండి నేను సంస్థకు పోలేదు. మరునాడు పొద్దున వెళితే గౌసియా అక్క మామూలుగా తలుపు తీసింది.

"నిన్న పంపిన దానికి జవాబు సాయంత్రానికి వస్తాదిలే. ఇంకోటి చెప్తావా?"

"నిన్న నేను రాలేదు కదక్కా."

"నువ్వు రాలేదు, నీ మాట వచ్చింది. మీ అమ్మ తెచ్చిచ్చింది. పోటీల్లో ఉంది, ఇంట్లోనే చెప్పింది అని. సాయంత్రం పంపించినాం." చెబుతూ చెబుతూనే ఆమె మొహం మారింది.

జవాబు రాలేదు కనక, పంపిన మాట ఇంకా చెరపలేదు. వినిపించమన్నాను. నా గొంతే. చిన్నప్పటి నుంచి నేను పంపిన ఎప్పుడొస్తావమ్మాలన్నీ కంప్యూటరుకు తినిపించి తయారు చేసిన నా గొంతు.

"అమ్మా, నేను బుడ్డీని. నువ్వు రవ్వ మీదికి దిగు. చిన్నప్పుడు చివరి ముద్ద చందమామ ముద్ద అని నాకు పెట్టేదానివి కదా. అది తినే కదా నేనింత పెద్దదాన్నయ్యాను. ఇప్పుడు ఆ చందమామ ముద్ద లోకానికంతా పెట్టమ్మా. నా కోసం."

ముద్దలకు పేర్లు పెట్టడం వరకూ అమ్మకు గుర్తుంది. చివరి ముద్ద ఎవరి నోట్లోకి పోయేదో గుర్తు లేదు. నేను ఆ సంగతి అక్కడి అమ్మతో మాట్లాడి పది రోజులు కూడా కాలేదు. ఒక్కసారి వచ్చి వినుంటే తెలిసేది. వినలేదు. కూతురి గొంతు దొంగిలించింది గానీ, కూతురు ఏం మాట్లాడుతోందో వినలేదు.

మైకు లాక్కుని, "దిగొద్దమ్మా, అది నేను కాదు, దిగొద్దు" అని చెప్పాను. మూడుసార్లు చెప్పాను. గౌసియా అక్క ఎవరినీ అడగకుండా పంపేసింది. ఉద్యోగం పోతుందని తెలిసే పంపింది. పోయింది కూడా.

తర్వాత చేయాల్సింది కూర్చోవడమే. నా మాట వెలుగంత వేగంగా పోతోంది, అంతకంటే వేగంగా ఏదీ పోదు. అక్కడి అమ్మ మాట అప్పటికే బయల్దేరి వస్తోంది. మధ్యలో ఎక్కడో, ఏ గ్రహం దగ్గరో, రెండూ ఒకదాన్నొకటి దాటుకుని పోయుంటాయి. సాయంత్రం పురుషోత్తం గారు, అమ్మ, ఇంకా కొందరు గదిలోకి వచ్చారు. నన్ను చూసి అమ్మ గుమ్మంలోనే ఆగింది. ఇంటి దారిన మాట వచ్చింది. నేను బయటికి పొమ్మనలేదు. అందరినీ విననిచ్చాను.

"హైమా, నువ్వుండావా అక్కడ? గొంతు బిడ్డది, మాట నీది. చందమామ ముద్ద సంగతి కూడా మరిచిపోయినావే. బిడ్డతో కూచోని ఒక్కరోజు మాట్లాడింటే దొరికిపోయేదానివి కాదు కదా. నేను నిన్ను తిట్టలేను. నన్ను నేను ఎట్లా తిట్టుకునేది? ఆ పొద్దు నేను ఇంటికి పోయింటే, నేనూ నీ మాదిరే అయ్యింటాను. అయ్యింటాను ఏంది, అయినాను కదా. బిడ్డను వదిలేసి, చివరికి బిడ్డ గొంతు కోసి. అది తెలిసినాక ఈ చీకట్లో పన్నెండేండ్లు దాన్నే తలుచుకుంటా కూచోలేను. దిగుతాండా. నీ మంచు నీకు పంపుతా. బుడ్డీ, నువ్వు వింటాంటే, ఈసారి జ్వరమొస్తే ఒంటరిగా ఉండాకు. నాన్నకు చెప్పు."

తర్వాత పని దారి నిండా అంకెలు వచ్చాయి. ఉప్పునీళ్ళు, దాని అడుగున ఎవరూ ఊహించని పదార్థాలు. చివరి అంకె దాకా ఏ పొరపాటూ లేకుండా, పొందికగా పంపింది. గదిలో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. చీకటి పడ్డాక, నేను పంపిన మాట రవ్వకు చేరే వేళయింది. అక్కడ వినడానికి ఎవరూ లేరు.

అమ్మకు ఆ సంవత్సరం దేశంలో ఉన్న శాలువలన్నీ కప్పారు. దొంగ గొంతు సంగతి పురుషోత్తం గారు బయటికి రానివ్వలేదు. నేను చెప్పుకోవడానికి రుజువూ లేదు. ఇంటిమాటలు దాచకూడదన్న రూలు ఉండనే ఉంది.

సన్మానాలన్నీ అయిపోయాక ఒక మధ్యాహ్నం అమ్మ మళ్ళీ నా గదికి వచ్చింది. చిక్కిపోయింది. నేను అన్నం వడ్డించాను, నేనూ కూర్చున్నాను. ఆమె కలుపుకుంది గానీ తినలేదు.

"ఆ ముద్ద సంగతి ఏందే?" అంది. ఎన్నేళ్ళకో ఆమె నోట ఊరి మాట విన్నాను. "నేనేం మరిచిపోయినాను? రాత్రిళ్ళు అదే తలపుకొస్తాంది. గౌసియాను అడిగినా. ఆమెకు తెల్దంట. రికార్డు లేదంట."

"లేదు. నీ రూలే కదా."

"నువ్వు చెప్పు."

చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. చెబితే ఆమె ఏడ్చి ఉండేది, నేనూ ఏడ్చి ఉండేదాన్ని, బహుశా ఏదో కొంత బాగుపడేది. కానీ ఆ ఒక్క జ్ఞాపకం ఈ లోకంలో ఇప్పుడు నా దగ్గరే ఉంది. అది ఇచ్చిన మనిషిని ఈమె చంపింది. నాకు ఇవ్వబుద్ధి కాలేదు.

"తిను, చల్లారిపోతాంది" అన్నాను.

ఆమె తినలేదు. నా ప్లేటులో చివరి ముద్ద మిగిలింది. అది చేతిలోకి తీసుకున్నాను. అమ్మ నా చేతివైపే చూస్తోంది, ఎందుకు చూస్తోందో ఆమెకే తెలియకుండా. ఆ ముద్ద నేనే తినేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచాను.